గోంగూరకు కాపలా

మా అమ్మ పక్కన పడుకుంటే రాత్రంతా గడియారం చప్పుడు వినిపిస్తుంది. ఆ గదిలో గడియారం లేదు. చప్పుడు అమ్మ ఛాతీలోంచి వస్తుంది. చిన్నతనంలో వచ్చిన కీళ్ళవాతపు జ్వరం అమ్మ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది. 2009లో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేసి దాని స్థానంలో లోహపు కవాటం పెట్టారు. అది మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది. నా కొడుకు చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ గుండె మీద చెవి పెట్టి అంకెలు లెక్కపెట్టడం నేర్చుకున్నాడు.

లోహం ఒంటికి పరాయిది కాబట్టి దాని మీద రక్తం గడ్డకట్టాలని చూస్తుంది. గడ్డ కడితే కవాటం బిగుసుకుపోవచ్చు, గడ్డ ముక్క ఊడి మెదడుకు వెళితే పక్షవాతం రావచ్చు. అందుకని అమ్మ బతికినన్నాళ్ళూ రోజూ సాయంత్రం ఎసినోకౌమరాల్ అనే మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర ఎంత పనిచేస్తున్నదో చూడటానికి ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష ఉంటుంది. ఆ అంకె పెరిగేకొద్దీ రక్తం గడ్డకట్టడానికి ఎక్కువసేపు పడుతున్నట్టు. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. అమ్మకు 2.5కి, 3.5కి మధ్య ఉండాలని ఆపరేషన్ చేసిన డాక్టరు గారు చిన్న పుస్తకం మీద ఎర్ర సిరాతో రాసి ఇచ్చారు. నేను లెక్కల టీచర్ని. ఆ రెండు అంకెల మధ్య సందు ఎంత ఇరుకో నాకు అప్పుడే అర్థం కావలసింది.

మాకు అర్థమైంది మాత్రం వేరు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఆకుకూరల విషయంలో జాగ్రత్తగా ఉండమన్నారు. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది ఈ మాత్రకు ఎదురు పనిచేస్తుంది. ఇక మా తమ్ముడు ఇంట్లోకి పాలకూర, తోటకూర, మునగాకు, గోంగూర రాకుండా నిషేధం విధించాడు. తణుకులో ఉంటూ గోంగూర తినకుండా బతకడం ఎంత కష్టమో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కరలేదు. పెళ్ళిళ్ళలో అమ్మ విస్తరి పక్కన మా ఇద్దరిలో ఒకరం కూర్చునే వాళ్ళం. వడ్డించేవాడు గోంగూర పచ్చడి గిన్నెతో వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళం. పధ్నాలుగేళ్ళు అలా కాపలా కాశాం.

2023 జూన్ మొదటి వారంలో మా పెద్దనాన్న గారి మనవరాలి పెళ్ళికి వెళ్ళాం. అక్కడ కూడా కాపలా సక్రమంగానే జరిగింది. మర్నాడు ఆదివారం అమ్మకు విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రానికి మంచం మీదనుంచి లేవలేకపోయింది. ఆదివారం కావడంతో మా డాక్టరు గారు లేరు. స్కూటరు మీద మందుల షాపుకు వెళ్ళాను. కౌంటరు దగ్గరి అబ్బాయి నాకు తెలిసినవాడే, మా స్కూల్లో చదువుకున్నాడు. "అమ్మకు విరేచనాలు, గట్టి మాత్ర ఇవ్వు" అన్నాను. "షుగరు, బీపీ ఏమైనా ఉన్నాయా టీచర్?" అని అడిగాడు. "బీపీ ఉంది" అన్నాను. అతను అడిగినదానికి సరైన సమాధానమే ఇచ్చాను. గుండెలో కవాటం ఉందా అని అతను అడగలేదు, నేను చెప్పలేదు. పధ్నాలుగేళ్ళలో ఆ కవాటం మాకు ఇంట్లో పాత బీరువాలాగా అయిపోయింది. ఉందన్న సంగతే తట్టదు.

ఇచ్చింది ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర. రోజుకు రెండు చొప్పున అయిదు రోజులు, మొత్తం పది. విరేచనాలంటే ఈ జంట మాత్ర చేతిలో పెట్టడం మన ఊళ్ళలో ఎంత మామూలంటే, దీనికి చీటీ కావాలన్న ఊహ కూడా ఎవరికీ రాదు. అట్ట వెనక మాత్రం ఎర్ర గీత ఉంటుంది. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ మీద మాత్రమే అమ్మాలని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆ మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే ఆర్.ఎం.పి. అవుతుంది. మన పల్లెల్లో ఆర్.ఎం.పి. అంటే ఎవరో, ఆ అట్ట మీద రాసినవాళ్ళ ఉద్దేశంలో ఎవరో తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. అప్పుడు మాత్రం అట్ట తిప్పి చూడనే లేదు.

మంగళవారానికి విరేచనాలు కట్టాయి. నా మాత్ర బాగా పనిచేసిందని గర్వంగా కూడా ఉంది. పెళ్ళిలో నేల మీద కూర్చుని లేచినందువల్ల అమ్మకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. చూడటానికి వచ్చిన మా అత్తయ్య తన సంచిలోంచి ఆరు మాత్రలున్న అట్ట ముక్క తీసి ఇచ్చింది. అది అసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర. "నేను రోజూ వేసుకునేదే వదినా, ఏమీ కాదు" అంది. ఆ మాట నిజమే. మా అత్తయ్యకు ఏమీ కాలేదు.

ఆ వారమంతా అమ్మ తిన్నది మజ్జిగన్నం, గంజి, రెండు నేరేడు పళ్ళు.

శుక్రవారం ఉదయం వాష్‌బేసిన్‌లో ఎర్రటి చార చూశాను. "పళ్ళు తోముకుంటుంటే చిగురు గీసుకుంది, బుధవారం నుంచీ అంతే" అంది అమ్మ. మోచేతి పైన అరచేయంత నల్లటి కమిలిన మచ్చ కనిపించింది. అడిగితే "బిందె తగిలి ఉంటుంది" అంది. మా ఇంట్లో బిందె ఎత్తి ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు. ఆ మచ్చ బీపీ చూసే పట్టీ బిగిసిన చోట వచ్చింది. శనివారం తెల్లవారుజామున బాత్‌రూమ్‌లో కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. విరేచనం తారులాగా నల్లగా అయిందని అప్పుడు చెప్పింది. ముందురోజు కూడా అలాగే అయిందట. నేరేడు పళ్ళ వల్ల అనుకుందట. అమ్మను తప్పుపట్టలేను. నాకు చెప్పి ఉన్నా నేనూ నేరేడు పళ్ళే అనుకునేదాన్ని.

ఊళ్ళో ల్యాబుకు పరిగెత్తితే, రక్తం ఎంతకీ గడ్డ కట్టడం లేదని, వెంటనే పెద్ద ఆస్పత్రికి తీసుకువెళ్ళమని చెప్పారు. రాజమండ్రిలో ఒక ఆస్పత్రిలో మళ్ళీ తీశారు. ఐ.ఎన్.ఆర్. 9.4. హిమోగ్లోబిన్ 8.6. నెల క్రితం అదే 11 పైన ఉంది.

ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరు గారు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఈ పది రోజుల్లో కొత్తగా ఏమైనా మందులు వాడారా?" అమ్మ "లేదు బాబూ" అంది. నేనూ "లేదండీ" అన్నాను. మేమిద్దరం అబద్ధం చెప్పలేదు. మా ఇంట్లో మందులు అంటే గుండెవి, బీపీవి. విరేచనాల మాత్ర మందు కాదు, అది విరేచనాల మాత్ర. మోకాళ్ళ మాత్ర అయితే అసలు మాది కూడా కాదు, అత్తయ్యది.

అసలు సంగతి బయటపెట్టింది ఫార్మ్-డి అనే మందుల చదువు చదువుతూ ఆ ఆస్పత్రిలో శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి. మా పదో తరగతి పిల్లలకంటే కాస్త పెద్దగా ఉంటుంది, తెల్ల కోటు భుజాల మీద జారిపోతోంది. ఆమె "మందులు" అన్న మాటే వాడలేదు. "జ్వరానికి ఏమైనా వేసుకున్నారా? దగ్గుకు? ఒళ్ళు నొప్పులకు? విరేచనాలకు? నిద్రకు? చర్మానికి రాసుకునేవి? పసర్లు, కషాయాలు, పొడులు? పక్కింటి వాళ్ళు ఇచ్చినవి?" అని ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. నొప్పుల దగ్గర అమ్మ ఆగింది. విరేచనాల దగ్గర నేను ఆగాను. పొడుల దగ్గర, మోకాళ్ళకు మంచిదని ఎవరో చెబితే రోజూ చెంచాడు మెంతిపొడి మజ్జిగలో కలుపుకుంటున్నానని అమ్మ చెప్పింది. అది నాకూ కొత్త సంగతే. "ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఖాళీ అట్టలతో సహా, ఒక సంచిలో వేసి తెప్పించండి" అంది ఆ అమ్మాయి. సాయంత్రం మా ఆయన సంచి తెచ్చి మంచం మీద బోర్లించారు. తొమ్మిది రకాలు తేలాయి. అమ్మ పేరున డాక్టరు రాసినవి వాటిలో నాలుగే.

ఈలోగా వైద్యం మొదలైంది. ఇంత రక్తస్రావం ఉన్నప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్లు గట్టిగా ఇచ్చేస్తారని అనుకున్నాను. డాక్టరు గారు ఒక్క మిల్లీగ్రామే ఇచ్చారు, అదీ సెలైన్‌లో కలిపి నెమ్మదిగా. దానితో పాటు ప్లాస్మా సంచులు నాలుగు ఎక్కించారు. "ఎక్కువ ఇస్తే రక్తస్రావం ఆగుతుందమ్మా. ఆ తర్వాత మాత్ర కొన్నాళ్ళు పనిచెయ్యదు, కవాటం మీద గడ్డ కడుతుంది. రెండు వైపులా గొయ్యే, మధ్యలో గట్టు మీద నడవాలి" అన్నారు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకు వానాకాలం చేలగట్టు మీద నడక ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

మర్నాటికి ఐ.ఎన్.ఆర్. 2.8కి దిగింది. కడుపులోకి గొట్టం వేసి చూస్తే జీర్ణాశయం గోడ అక్కడక్కడ ఒరిసిపోయి ఉంది. అది నొప్పి మాత్ర పని. మూడో రోజుకు ఐ.ఎన్.ఆర్. 1.8 అయింది. ఇప్పుడు రెండో గొయ్యి. మాత్ర మళ్ళీ మొదలుపెట్టి, అది పట్టుకునేవరకు రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ అనే మందు ఇచ్చారు. "రాత్రిపూట ఆ టిక్కు టిక్కు గమనిస్తూ ఉండండి. మెత్తబడినట్టు, మూగబోయినట్టు అనిపిస్తే నిద్రలేపి అయినా పిలవండి" అని డ్యూటీ నర్సుకు, నాకు ఇద్దరికీ చెప్పారు. హైదరాబాదు నుంచి వచ్చిన తమ్ముడు ఆ రెండు రాత్రులూ అమ్మ మంచానికి తల ఆనించి కూర్చున్నాడు. వాడు నిద్రపోలేదు, నన్నూ పోనివ్వలేదు. "అక్కా, చప్పుడు తగ్గినట్టు లేదూ?" అని పది సార్లు లేపాడు. చప్పుడు తగ్గలేదు. వార్డులో పైన ఫ్యాను తిరుగుతోంది.

అసలు జరిగింది ఏమిటో ఆ ఫార్మ్-డి అమ్మాయి నాకు విడమరచి చెప్పింది. ఆమెదీ వరి పండించే ఇల్లే కాబట్టి కాలువల భాషలో చెప్పింది. ఎసినోకౌమరాల్ ఒంట్లోకి రోజూ ఒక తూము గుండా వస్తుంది, కాలేయంలో ఉండే ఒక ఎంజైమ్ మురుగు కాలువలాగా దాన్ని బయటికి తోడేస్తుంది. రాకా పోకా సమానంగా ఉన్నన్నాళ్ళు చేలో నీటిమట్టం కదలదు. ఆర్నిడజోల్ వచ్చి మురుగు కాలువకు అడ్డం పడింది. వచ్చే నీరు వస్తూనే ఉంది, పోయేది ఆగింది. చేను మునిగింది. అమ్మ వేసుకున్న ఎసినోకౌమరాల్ ఒక్క మాత్ర కూడా ఎక్కువ కాదు. ఆ ఎంజైమ్ పేరు సిప్ 2సి9 అట. మెట్రోనిడజోల్, ఫ్లూకొనజోల్, గుండె దడకు వాడే అమియోడరోన్, మూత్రంలో మంటకు ఇచ్చే కోట్రైమాక్సజోల్ కూడా ఈ కుటుంబం మాత్రతో ఇలాగే గొడవపెట్టుకుంటాయట. ఒఫ్లాక్సాసిన్ కూడా ఆ గొడవలో ఒక చెయ్యి వేస్తుంది. నొప్పి మాత్ర దారి వేరు. అది కడుపు గోడను ఒరిపి, రక్తంలో గడ్డకట్టడానికి మొదట పోగయ్యే కణాలను మందగింపజేస్తుంది. వీటికి తోడు వారం రోజులు తిండి లేక ఒంట్లో విటమిన్ కె అడుగంటింది.

చివరి ముక్క విన్నప్పుడు నాకు గోంగూర గుర్తొచ్చింది. "ఆకుకూర మొత్తం మానేయమని ఎవరు చెప్పారు మేడమ్?" అని ఆశ్చర్యపోయింది ఆ అమ్మాయి. మానమని ఎవరూ చెప్పలేదు. ఒక రోజు గంపెడు, ఇంకో రోజు సున్నా కాకుండా వారం వారం ఒకే తీరుగా తినమన్నారు. ఆ ఒకే తీరును మా తమ్ముడు సున్నాగా అనువదించాడు. నేను సంతకం పెట్టాను. ఆకుకి గేటు వేసి, మాత్రలకు తలుపులు బార్లా తీసి పెట్టాం.

ఇక్కడ చిన్న పక్కదారి. ఈ జాతి మందులు పుట్టిందే ఒక రక్తస్రావంలోంచి. 1920లలో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన ఒక రకం తీపి గడ్డి మేసిన పశువులు రక్తం ఆగక చచ్చిపోయేవి. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్‌లో ఒక రైతు మంచు తుఫానులో చచ్చిన దూడను, గడ్డ కట్టని రక్తం ఉన్న పాల క్యానును బండిలో వేసుకుని విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు తెచ్చాడు. ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకోవడానికి లింక్ బృందానికి ఏళ్ళు పట్టింది. దాని నుంచి తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారులోకి వచ్చింది, 1954లో మనుషులకు మందయింది. అమ్మ వేసుకునేది దానికి చెల్లెలి వరస. వార్డులో కాలక్షేపానికి ఈ కథ అమ్మకు చెప్పడం నా పొరపాటు. "అయితే ఇన్నాళ్ళూ నాకు ఎలుకల మందు పెడుతున్నారా?" అని రౌండ్లకు వచ్చిన డాక్టరు గారినే నిలదీసింది.

నాలుగో రోజు ఆ అమ్మాయి నాలుగు కాగితాలు తెచ్చింది. మందు వల్ల హాని జరిగిందని అనుమానం ఉన్నప్పుడు నింపే ఫారం. మన దేశంలో 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా అని ఒక ప్రభుత్వ కార్యక్రమం నడుస్తోంది. దాని కేంద్రం గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌లో ఉంది. ఎన్నో వైద్య కళాశాలల్లో దానికి శాఖలున్నాయి. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులే కాదు, రోగులూ వాళ్ళ ఇంట్లోవాళ్ళూ కూడా రాయవచ్చు. రోగుల కోసం వేరే ఫారం ఉంది, అది తెలుగులో కూడా ఉంది. ఉచిత ఫోను నంబరు 1800-180-3024. ఇరవై రెండేళ్ళుగా ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్న నాకు ఇలాంటిదొకటి ఉందని తెలియదు.

మొదట నేను వద్దన్నాను. ఆ కాగితంలో రాస్తే మందుల షాపు అబ్బాయి ఇరుక్కుంటాడని నా భయం. నిజం చెప్పాలంటే అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. మాత్రలు కొని తెచ్చి, గ్లాసులో నీళ్ళు పోసి, అమ్మ చేతిలో పెట్టింది నేను. ఆ సంగతి ఏదో ఒక గడిలో రాయవలసి వస్తుంది. ఆ అమ్మాయి ఫారం తిప్పి చూపించింది. రోగి పేరు ఉండదు, పొడి అక్షరాలే ఉంటాయి. రాసినవారి వివరాలు బయటపెట్టరు. ఇది ఫిర్యాదు కాదు, ఎవరి తప్పూ ఒప్పుకున్నట్టూ కాదు. మందు ఎవరు అమ్మారన్న గడి అందులో లేనే లేదు.

గడులు నింపడం మొదలుపెట్టాక నాలోని టీచరు నిద్రలేచింది. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ రోజు మొదలు, ఏ రోజు ఆపు, ఏ జబ్బుకు, హాని ఏ రోజు కనిపించింది, ఆపాక తగ్గిందా, ఇప్పుడు ఎలా ఉన్నారు. తేదీలు వరసగా రాస్తుంటే ఆ వారం మొత్తం నా కళ్ళ ముందు పట్టికలాగా నిలబడింది. బుధవారం చిగుళ్ళ రక్తం, గురువారం ఆఖరి నొప్పి మాత్ర, శుక్రవారం ఉదయం పదో మాత్ర. అంటే రక్తం మొదలయ్యాక కూడా నేను మాత్రలు అందిస్తూనే ఉన్నాను.

బ్యాచ్ నంబరు గడి దగ్గర ఆగిపోయాం. విరేచనాల అట్ట నిండుగా కొన్నాను కాబట్టి దాని మీద నంబరు ఉంది. అత్తయ్య ఇచ్చిన ముక్కకు లేదు. గుండె మాత్ర అట్టకు కూడా సగం నంబరే మిగిలింది. మన షాపుల్లో కత్తెర తీసుకుని అడిగినన్ని మాత్రలు కత్తిరించి ఇస్తారు కదా, ఆ కత్తిరింపులో నంబరు, గడువు తేదీ ఎవరి ఇంటికి పోతాయో చెప్పలేం. ఆ తర్వాత నుంచి నంబరు ఉన్న చివర నాకే ఇవ్వమని అడుగుతున్నాను. షాపు అబ్బాయి మొదట్లో వింతగా చూసేవాడు.

ఫారం నింపాక, హాని ఏ మేరకు మందు వల్లనో తూచాలి. ఆ పని వాళ్ళది. అయినా అమ్మాయి నాకు చూపించింది. నరాంజో అనే ఆయన, ఆయన సహచరులు కెనడాలో 1981లో తయారుచేసిన పది ప్రశ్నల కొలబద్ద అది. ఒక్కో జవాబుకు మార్కులు. ఇలాంటి హాని ఇంతకుముందు నమోదై ఉందా, ఒకటి. మందు వేసుకున్న తర్వాతే హాని కనిపించిందా, రెండు. ఆపాక లేదా విరుగుడు ఇచ్చాక తగ్గిందా, ఒకటి. పరీక్షలో రుజువైందా, ఒకటి. మొత్తం అయిదు వచ్చాయి. మందు మళ్ళీ ఇచ్చి చూస్తే హాని తిరిగి వచ్చిందా అనే ప్రశ్నకు మేమిద్దరం ఒకేసారి సున్నా అన్నాం.

గొడవంతా అయిదో ప్రశ్న దగ్గర. ఈ హానికి ఇంకేదైనా కారణం ఉండవచ్చా? లేదంటే రెండు మార్కులు కలుస్తాయి, ఏడు అవుతుంది. ఏడు అంటే "బహుశా మందే". ఉందంటే ఒక మార్కు పోతుంది, నాలుగు. నాలుగు అంటే "మందు కావచ్చు". ఆ అమ్మాయి ఉందంది. విరేచనాలు, తిండి లేకపోవడం కూడా ఐ.ఎన్.ఆర్.ను పెంచుతాయి, కడుపులో రక్తస్రావానికి నొప్పి మాత్ర ఒక్కటే చాలు. నేను వాదించాను. తిండి లేనంత మాత్రాన 9.4 వస్తుందా? అంతకుముందు కూడా ఒకటి రెండుసార్లు జ్వరాలొచ్చి తిండి మానేసింది, అప్పుడు నాలుగు దాటలేదు, ఇదిగో పుస్తకం, చూడు అన్నాను. పరీక్ష పేపర్లలో అర మార్కు కోసం నా బల్ల చుట్టూ తిరిగే పిల్లలంటే నాకు చిరాకు. ఆ రోజు నేను మూడు మార్కుల కోసం ఒక విద్యార్థిని చుట్టూ తిరిగాను. ఆమె వాళ్ళ సారుని అడిగి వచ్చింది. సారు కూడా నాలుగే అన్నారట. రెండు మందుల గొడవను తూచడానికి ఇంకో కొలబద్ద వేరే ఉందట గానీ అందులోనూ ఈ ప్రశ్న తప్పదట.

అమ్మ రక్తం బాత్‌రూమ్‌లో కడిగినదాన్ని నేను. దాన్ని "కావచ్చు" అని రాసుకున్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు గుచ్చింది. ఇంటికి వచ్చాక, మధ్యాహ్న భోజనం గంటలో స్టాఫ్‌రూమ్ నుంచి ఆ ఉచిత నంబరుకు ఫోను చేశాను. నొప్పి మాత్ర పూర్తి పేరు అత్తయ్య దగ్గర దొరికింది, అది కలపాలి. ఫోనెత్తిన ఆయన ఓపికగా రాసుకున్నారు. ఉండబట్టలేక ఆ "కావచ్చు" గురించి అడిగాను. "మేడమ్, మీ ఒక్క కేసుతో మేము తీర్పు చెప్పం. ఇలాంటివి దేశమంతటి నుంచీ వస్తాయి. పక్కపక్కన పెట్టి చూస్తాం" అన్నారు. ఇక్కడి నుంచి ఆ నివేదికలు స్వీడన్‌లో ఉప్సలా అనే ఊళ్ళో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ భాండాగారానికి కూడా వెళతాయట. థాలిడోమైడ్ అనే మాత్ర వల్ల వేలమంది పిల్లలు అవయవలోపాలతో పుట్టిన తర్వాత, 1968లో దేశాలు ఇలా చెప్పుకోవడం మొదలుపెట్టాయి.

ఆయన మాట నాకు డిసెంబరులో గాని బోధపడలేదు. నెలసరి నొప్పికి మా స్కూల్లో సగం మంది ఆడవాళ్ళం వాడే మెఫినమిక్ ఆసిడ్ గురించి పేపర్లో వచ్చింది. నవంబరు 30 తేదీతో ఈ కార్యక్రమం వాళ్ళే హెచ్చరిక ఇచ్చారు. వచ్చిన నివేదికలను పరిశీలిస్తే ఆ మందుతో డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ ప్రతిచర్య కనిపించిందని, వాడేవాళ్ళూ రాసేవాళ్ళూ గమనించాలని అందులో ఉంది. ఆ నివేదికలు రాసినవాళ్ళలో ఎంతమందికి "కావచ్చు" వచ్చిందో అనుకున్నాను. స్టాఫ్‌రూమ్‌లో అందరూ హ్యాండ్‌బ్యాగులు తెరిచి ఎవరి మాత్ర పేరు వాళ్ళు చూసుకున్నారు.

ఇంట్లో కొన్ని మార్పులు జరిగాయి. ఐ.ఎన్.ఆర్. పుస్తకం మొదటి పేజీలో అమ్మ వేసుకునే ప్రతి మందు పేరు, మెంతిపొడితో సహా, నా చేతిరాతతో ఉంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, చివరికి పళ్ళ డాక్టరు దగ్గరికైనా, ముందు ఆ పుస్తకం బల్ల మీద పెడతాం. కొత్త మందు ఏది మొదలుపెట్టినా, ఏది ఆపినా మూడు నాలుగు రోజుల్లో ఐ.ఎన్.ఆర్. చూపించమన్నారు, చూపిస్తున్నాం. నొప్పులకు పారాసిటమాల్ మాత్రమే, అదీ రోజుల తరబడి కాకుండా. ఎక్కువ మోతాదులో వరసగా వాడితే అది కూడా ఐ.ఎన్.ఆర్.ను పెంచుతుందట. మందుల షాపు అబ్బాయికి జరిగింది చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు "షుగరు, బీపీ" తర్వాత "రక్తం పలచబడే మాత్ర ఏమైనా?" అని కూడా అడుగుతున్నాడు. చీటీ మాత్రం ఇప్పటికీ అడగడు.

ఆదివారం మా ఇంట్లో గోంగూర. ప్రతి ఆదివారం, అంతే కట్ట, ఎక్కువా తక్కువా కాకుండా. కట్టను తమ్ముడు మొదట్లో వంటింటి తూకంలో పెట్టి చూసేవాడు, మా అమ్మ తూకాన్ని అటక మీదికి ఎక్కించేసింది.

మొన్న దసరా సెలవుల్లో మా వాడికి జలుబు చేస్తే ముక్కులో చుక్కల మందు కొనడానికి షాపు ముందు స్కూటరు ఆపాను. అమ్మ వెనక కూర్చుని ఉంది. నేను కౌంటరు దగ్గరికి చేరకముందే రోడ్డు మీది నుంచి కేక వినిపించింది.

"బాబూ, నా గుండెలో కవాటం ఉంది. ఎసినోకౌమరాల్ వేసుకుంటాను. చూసి ఇవ్వు."

షాపులో ఉన్న నలుగురూ వెనక్కి తిరిగారు. అబ్బాయి చుక్కల మందు నా చేతిలో పెడుతూ, "ఇది బాబుకు కదా టీచర్?" అన్నాడు మెల్లగా.

"అవును వాడికే" అంది అమ్మ స్కూటరు మీది నుంచి. "అయినా నీకు తెలిసి ఉండాలి కదా."